పశువుల డాక్టరు మార్చిన ప్లగ్గులు

కొత్తగా ఉద్యోగంలో చేరిన పశువైద్యులు నన్ను కలిసినప్పుడు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన కేసు ఏది మేడం అంటారు. పిచ్చికుక్క కరిచిన ఎద్దు సంగతో, పొట్టలోంచి తట్టెడు ప్లాస్టిక్ సంచులు తీసిన ఆవు సంగతో చెబుతానని చూస్తారు. అవన్నీ ఉన్నాయి. కానీ నాకు బాగా గుర్తుండిపోయిన కేసు నా సొంత కారు. ఆ మాట అనగానే నవ్వుతారు. నవ్వండి, నేనూ నవ్వుతూనే చెబుతాను. కాకపోతే చివరిదాకా వినాలి.

రిటైరు కావడానికి మూడేళ్ల ముందు తిరువూరు పశువుల ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. అంతకుముందు ముప్పై ఏళ్ల ఉద్యోగం స్కూటరు మీదే గడిచింది. నడుము ఇక నా వల్ల కాదని మొరాయించాక ఎవరో వాడిన చిన్న పెట్రోలు కారు ఒకటి కొన్నాను. దాని వెనక సీటు నిండా తాళ్లు, గొలుసులు, గమ్‌బూట్లు, మందుల పెట్టె. నాతోపాటు ఎప్పుడూ మా అటెండరు ఉండేవాడు. నాకంటే రెండేళ్లు చిన్న. బక్కపలచటి మనిషి, మాట పొదుపు. ఊఁ అంటే అవునని, ఊహూఁ అంటే కాదని, ఏమీ అనకపోతే నేను తప్పు చేస్తున్నానని అర్థం. ఆ మూడోది అర్థం చేసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఒక చలికాలం కారు మొండికేయడం మొదలుపెట్టింది. ఎత్తు ఎక్కేటప్పుడు గుక్క పట్టిన పిల్లలా ఆగి ఆగి లాగేది. సిగ్నల్ లేని ఊళ్లో సిగ్నల్ పడినట్టు మధ్యరోడ్డులో నెమ్మదించేది. ఊరి చివర షెడ్డు పెట్టుకున్న మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లాను. నలభై దాటిన మనిషి, భారీ శరీరం, తొందరన్నది ఎరగని స్వభావం. చెవి పెట్టి ఒక నిమిషం విని, ప్లగ్గులు అరిగాయని, కాయిల్ ఒకటి పోయినట్టుందని, బండి వదిలి వెళితే ఎల్లుండికి చేసి పెడతానని చెప్పాడు.

కారు సంగతి తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంజనులో పెట్రోలుకు నిప్పురవ్వ అంటించేది ప్లగ్గు. ఆ ప్లగ్గు నెత్తిన కూర్చుని దానికి కరెంటు అందించేది కాయిల్. కాయిల్ కింద పొడుగాటి రబ్బరు తొడుగు ఉంటుంది, అది లోతైన గుంటలోకి దిగి ప్లగ్గును పట్టుకుంటుంది. నా కారుకు మూడు ప్లగ్గులు, మూడు కాయిల్స్. ఇంతకుమించి మీకు తెలియక్కర్లేదు, నాకూ అప్పటికి ఇంతే తెలుసు.

ఎల్లుండి వెళితే రేపన్నాడు. రేపు వెళితే కారు పెట్టిన చోటే ఉంది, దాని ముందు ఎవరిదో ట్రాక్టరు విప్పి పరిచాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, నా దగ్గర పనిచేసిన వాళ్లెవరిని అడిగినా చెబుతారు. మూడు ప్లగ్గులు మార్చడానికి మూడు రోజులా, ఈ మాత్రం పని నేనే చేసుకోగలనని నలుగురి ముందు గట్టిగానే అన్నాను. ఆయనకు కోపం రాలేదు. చేసుకోవచ్చు మేడం, పెద్ద పనేం కాదు, అనుమానం వస్తే ఫోన్ చేయండి అని తన నంబరు చెప్పాడు. ఆ చివరి మాట నాకు ఎగతాళిలా వినపడింది. నంబరు ఎక్కించుకున్నాను కానీ, చచ్చినా చేయకూడదని అప్పుడే అనుకున్నాను.

ఆదివారం ఉదయం ఆసుపత్రి ఆవరణలో కారు పెట్టాను. పశువులకు సూది వేసేటప్పుడు కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రం ఉంటుందే, సరిగ్గా దాని పక్కన. ముందు పద్ధతి ప్రకారం కేస్ షీటు రాశాను. జాతి సంకరం, వయసు తొమ్మిదేళ్లు, ఫిర్యాదు నడకలో కుంటుదనం, మేత మామూలే. అటెండరుకు చదివి వినిపిస్తే మూతి బిగించి నవ్వు ఆపుకున్నాడు.

ఏది పోయిందో కనిపెట్టే ఉపాయం ఫోన్లో వీడియో చూసి తెలుసుకున్నాను. ఇంజను నడుస్తుండగా ఒక్కో కాయిల్‌కు కరెంటు వైరు ఊడదీయాలి. ఊడదీయగానే ఇంజను తడబడితే అది పనిచేస్తున్నట్టు. ఏ తేడా రాకపోతే అదే చచ్చినట్టు. వీడియోలో ఆయన మామూలు చెవితో విన్నాడు. నా మెళ్లో స్టెతస్కోపు ఉండగా నాకేం ఖర్మ? ఇంజను మీద పెట్టి విన్నాను. మేకకు కట్టు కట్టించడానికి వచ్చిన ఒక పెద్దాయన అది చూసి, ఆదివారాలు కార్లు కూడా చూస్తారా అమ్మా అని అడిగాడు. కాలు విరిగిన మేకను ముందు చూసి పంపించి మళ్లీ కారు దగ్గరికి వచ్చాను. మధ్య కాయిల్ పోయిందని తేలింది. స్పేర్ పార్టుల కొట్టువాడు ఒకటి మారిస్తే మిగతా రెండూ వారంలో అలుగుతాయని భయపెట్టి మూడూ అంటగట్టాడు.

ఇంజను చల్లారేదాకా ఆగి పని మొదలుపెట్టాను. చెప్పొద్దూ, ఆ పని నా కోసమే పుట్టిందనిపించింది. ప్లగ్గు లోతు గుంటలో ఉంటుంది, కంటికి కనపడదు. వేళ్ల చివరి స్పర్శతోనే మరలో కూర్చుందా, అడ్డం పడిందా తెలుసుకోవాలి. కంటికి కనపడని చోట చెయ్యి పెట్టి లోపల ఏముందో చెప్పడం తప్ప నేను ముప్పై ఏళ్లుగా చేసిందేమిటి? పొడుగాటి సాకెట్‌తో పాతవి విప్పాను, కొత్తవాటిని ముందు వేళ్లతో తిప్పి, ఆ తర్వాత పానాతో కొద్దిగా బిగించాను. మూడు ప్లగ్గులూ గీత తప్పకుండా కూర్చున్నాయి.

కాయిల్స్ దగ్గర వచ్చింది చిక్కు. కొత్త రబ్బరు తొడుగులు బిరుసుగా ఉండి గుంటలోకి దిగనన్నాయి. బలం పెడితే చిరుగుతాయేమోనని భయం వేసింది. నేను చదువుకున్న కాలేజీలో మా ప్రొఫెసరు మొదటి రోజే నేర్పిన సూత్రం ఒకటుంది. ఇరుకైన చోటికి పొడి చెయ్యి ఎప్పుడూ పంపకూడదు. పశువుకు ఈత కష్టమై దూడ బయటికి రానప్పుడు మేం చేతికి పూసుకునేది లిక్విడ్ పారఫిన్. రంగూ వాసనా లేని నూనె, ఆసుపత్రిలో క్యానుల కొద్దీ ఉంటుంది. ఒక సీసాడు తెచ్చి మూడు తొడుగులకూ లోపలా బయటా ధారాళంగా పట్టించాను. వెన్నలా జారి దిగిపోయాయి. అటెండరు వైపు గొప్పగా చూశాను. ఆయన ఏమీ అనలేదు.

ఇంజను స్టార్ట్ చేస్తే కుట్టుమిషనులా సన్నగా, నున్నగా నడిచింది. ఆ సాయంత్రం కారణం లేకుండా ఊరంతా తిరిగాను. మెకానిక్కు షెడ్డు ముందు నుంచి రెండుసార్లు వెళ్లాను, రెండోసారి హారను కూడా కొట్టాను. ఆయన ట్రాక్టరు కిందనుంచి తల బయటపెట్టి చెయ్యి ఊపాడు. ఆ వారమంతా ఎవరు కనపడినా ప్లగ్గుల సంగతే చెప్పాను. విస్సన్నపేట నుంచి మీటింగుకు వచ్చిన తోటి డాక్టరుకైతే, మీ కారు కూడా తీసుకురండి చూస్తానని మాట కూడా ఇచ్చాను. ఆయన మర్యాదగా తప్పించుకున్నాడు.

పది రోజులు కూడా కాలేదు. పొద్దున్నే వినగడప నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడిందొక ఆడమనిషి. ఆమెకు ఉన్నది ఒకే ఒక గేదె. దాని పాలు కేంద్రంలో పోసే ఇల్లు నడుపుకుంటోంది. తెల్లవారుజాము నుంచి గేదె నొప్పులు పడుతోందని, పడుకుంటూ లేస్తూ కాలితో పొట్ట తన్నుకుంటోందని, ఉమ్మనీటి సంచి కూడా బయటికి రాలేదని చెప్పింది. వింటూనే నాకు అర్థమైంది. గర్భసంచి మెలిక పడి ఉంటుంది. గుడ్డసంచి మూతి మెలితిప్పితే ఎలా మూసుకుపోతుందో అలా లోపల దారి మూసుకుపోతుంది. మెలిక విప్పకపోతే దూడ పోతుంది, ఆ తర్వాత గేదె పోతుంది. ఎంత త్వరగా విప్పితే అంత మంచిది. వస్తున్నాను, దాన్ని పడుకోనివ్వకండి అని చెప్పి అటెండరుతో బయలుదేరాను.

ఇంకా ఆరేడు కిలోమీటర్లు ఉందనగా కారు దగ్గింది. మొదట ఒకసారి, తర్వాత వరసగా. ఎక్సిలేటరు నొక్కితే ముందుకు పోవడానికి బదులు వణికింది. చివరికి పత్తి చేల మధ్య రోడ్డు పక్కకు చేరి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేస్తే ఒంటికాలి మీద నిలబడినట్టు కొట్టుకుని ఆరిపోయింది.

మా అటెండరు ఆ రోజు ఆ సంవత్సరంలోకల్లా పెద్ద వాక్యం మాట్లాడాడు.

“ఆ మెకానిక్కుకి ఫోన్ చేద్దామండి. బండేసుకుని వచ్చేస్తాడు.”

“ఉండండి, చూస్తున్నానుగా” అన్నాను.

బోనెట్ ఎత్తాను. ఒక వైరు ఊడదీసి పెట్టాను. ఇంకో వైరు ఊడదీసి పెట్టాను. ఏం చేస్తున్నానో నాకే తెలియదు. మెకానిక్కు నంబరు ఫోన్లో తీసి, చేతిలో పట్టుకునే ఉన్నాను. ఆయన షెడ్డు ముందు కొట్టిన హారను నా చెవిలో మోగుతోంది. ఒక షేర్ ఆటో వచ్చింది, అదీ ఎదురు దిక్కుకు, నిండా జనంతో. అటెండరు తాళ్లూ మందుల పెట్టే దించి రోడ్డు మీద పెట్టుకుని నా వంకే చూస్తూ నిలబడ్డాడు. అలా పది నిమిషాలు గడిచాయి. గడియారం చూసుకుంటూనే ఉన్నాను కాబట్టి ఖచ్చితంగా తెలుసు. ఆ తర్వాత గాని నంబరు నొక్కలేదు.

విషయం చెప్పాను. ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఎక్కడున్నారని మాత్రం అడిగాడు. ఇరవై నిమిషాల్లో మోటారుసైకిలు మీద దిగాడు, భుజానికి ఒక గోనెసంచి. నేను కారు గురించి మొదలుపెట్టబోతే మోటారుసైకిలు తాళంచెవి నా అటెండరు చేతిలో పెట్టాడు.

“దీని సంగతి నేను చూస్తాను మేడం. ముందు మీరు గేదె దగ్గరికెళ్లండి.”

నేను అన్న మాటలు ఆయన మర్చిపోయాడో, గుర్తుండే అలా చేశాడో ఈ రోజుకూ తెలియదు. అటెండరు నడిపాడు, నేను మందుల పెట్టె ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాను. తాళ్లు మెళ్లో వేసుకున్నాను. దారిలో ఎదురైన వాళ్లు ఆ వేషం చూసి ఏమనుకున్నారో గాని, నాకు సిగ్గుపడే తీరిక కూడా లేదు.

గేదె కొట్టం ముందు ఆయాసపడుతూ నిలబడి ఉంది. ఆమె దాని మెడ పట్టుకుని ఏదో చెబుతోంది, గేదెకే. చెయ్యి పెట్టి చూశాను. అనుకున్నదే, దారి కుడివైపుకు మెలి తిరిగింది. దీనికి మందు లేదు. గేదెను పడుకోబెట్టి, పొట్ట మీద చెక్క బల్ల ఆనించి, ఆ బల్ల మీద ఒక మనిషి నిలబడాలి. లోపలి దూడ కదలకుండా ఆ బరువు పట్టి ఉంచుతుంది. అప్పుడు గేదెను మెలిక తిరిగిన వైపుకే దొర్లించాలి. మెలిక తనంతట తాను విడిపోతుంది. చెప్పడానికి ఇంత సులువు. చేయడానికి ఏడెనిమిది మంది కావాలి. పత్తి తీతల రోజులు కావడంతో ఊళ్లో మగవాళ్లంతా చేలల్లో ఉన్నారు. ఆమె మరిది, ఇద్దరు ముసలివాళ్లు, పక్కింటి ఆడవాళ్లిద్దరు దొరికారు.

తలుపు చెక్క ఒకటి ఊడదీసి తెచ్చారు. అటెండరు దాని మీద నిలబడ్డాడు. దొర్లించాం. చెయ్యి పెట్టి చూస్తే మెలిక అలాగే ఉంది. మళ్లీ దొర్లించాం. మళ్లీ అంతే. మా అటెండరు ఒళ్లంతా కలిపి చూసినా ఒక బస్తా బరువు తూగడు, బల్ల మీద ఆయన ఉన్నా లేకపోయినా గేదెకు ఒకటే. ఆమె నా మొహం చూస్తోంది.

అప్పుడు వినపడింది కారు చప్పుడు. నా కారే. ఏ తడబాటూ లేకుండా వచ్చి కొట్టం ముందు ఆగింది. మెకానిక్కు దిగాడు. ఆయన్ని చూసినంత సంతోషంగా నేను అంతకుముందు ఏ మెకానిక్కునూ చూడలేదు. నేను చూసింది కూడా ఆయన్ని కాదు, ఆయన బరువును. బల్ల ఎక్కమన్నాను. భయపడ్డాడు. గేదెకేమీ కాదని, చెప్పులు విప్పి ఎక్కమని చెప్పాను. ఎక్కాడు. తక్కినవాళ్లం తాడు పట్టి లాగాం.

చెయ్యి పెట్టి చూడటానికి పారఫిన్ సీసా మోచేతి దాకా పోసుకుంటున్నాను. బల్ల దిగిన మెకానిక్కు ఆ సీసా వైపే చూస్తున్నాడు. వేలితో ఒక చుక్క తీసుకుని బొటనవేలికి రాసి చూసుకున్నాడు. ఆ తర్వాత ఆయన మొహంలో తెల్లారింది. ఇంజను గుంటల్లో జిడ్డు చూసి దారంతా బుర్ర బద్దలుకొట్టుకున్నాడట. ఇంజనాయిలా అంటే నల్లగా లేదు, కొబ్బరినూనా అంటే వాసన లేదు. అది తగిలి రబ్బరంతా ఉబ్బి మెత్తబడిందని, కరెంటు ప్లగ్గుకు పోకుండా పక్కకు కారిపోతోందని, తుడిచి తన దగ్గరున్న పాత కాయిల్స్ పొడిగా దింపితే బండి నడిచిందని తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం ఒకే మాట అడిగాడు.

“మేడం, కారుకి కూడా ఇదే పూశారా?”

నా చెయ్యి భుజం దాకా గేదె లోపల ఉంది. అబద్ధం ఆడటానికి వీలైన స్థితి కాదది. అవునన్నాను.

“ఇక్కడికి బ్రహ్మాండమండి. అక్కడికే పనికిరాదు.”

అందరికంటే ముందు నవ్వింది మా అటెండరు. ఆయన పగలబడి నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి. ఆ నవ్వుల మధ్యలో నా వేళ్లకు తెలిసింది. దారి తెరుచుకుంది. దూడ ముందుకాళ్ల గిట్టలు చేతికి తగిలాయి.

దూడను లాగడానికి ఎక్కువసేపు పట్టలేదు. పెయ్య దూడ. కానీ కింద పడ్డ దూడ కదల్లేదు. ఊపిరి లేదు. నాలుక నీలంగా వేలాడుతోంది. వెనక్కాళ్లు పట్టి పైకెత్తమన్నాను, మెకానిక్కు ఒక్కడే ఎత్తేశాడు. నోట్లోంచి జిగురు లాగేశాను. గడ్డిపరక ముక్కులోకి దూర్చాను. అటెండరు గోనెపట్టాతో డొక్కలు రుద్దుతున్నాడు, ఆమె కాళ్ల దగ్గర కూర్చుని గిట్టలు రుద్దుతోంది. నవ్వులన్నీ ఆగిపోయాయి. దూడ గుండె మీద నా చెయ్యి ఉంది, చాలా నెమ్మదిగా కొట్టుకుంటోంది, ఆగడానికి దగ్గరగా ఉంది. ఆ క్షణంలో నాకు వేరే ఆలోచన ఏదీ రాలేదు. రోడ్డు పక్కన ఫోన్ చేత్తో పట్టుకుని నిలబడ్డ పది నిమిషాలే కళ్ల ముందు ఉన్నాయి. అవి నా సొంత నిమిషాలనుకుని ఖర్చు పెట్టేశాను, అవి ఈ దూడవి.

దూడ తుమ్మింది. ఒకసారి, ఇంకోసారి. తర్వాత తల విదిలించి గట్టిగా గాలి పీల్చింది. ఆమె ఏడుస్తూ నవ్వింది. గేదె తల తిప్పి దూడను నాకడం మొదలుపెట్టింది. నేను గోడకు ఆనుకుని అక్కడే పేడలో కూర్చుండిపోయాను.

కాళ్లూ చేతులూ కడుక్కున్నాక ఆమె అందరికీ టీ ఇచ్చింది. మెకానిక్కు కారు ఎలా ఆగిందో, తనేం చూశాడో వర్ణించి చెబుతుంటే మళ్లీ నవ్వులు. నేనూ సిగ్గు విడిచి స్టెతస్కోపు సంగతి, కేస్ షీటు సంగతి చెప్పాను. మూడు రోజులు తిప్పించుకున్నందుకు తిట్టిన తిట్లకు క్షమాపణ కూడా చెప్పాను. ఆయనేమో, ఆ ట్రాక్టరు తెచ్చిన రైతుకు దుక్కి ఆగిపోయిందని, అందుకే మీది పక్కన పెట్టానని, ఆ ముక్క ముందే చెప్పాల్సిందని అన్నాడు. ఆ తర్వాత నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం ప్లగ్గులు నేనే మార్చుకున్నాను, ఆయన షెడ్డులోనే, ఆయన కళ్ల ముందే, పొడి చేతులతో.

పారఫిన్ కథ మా డిపార్ట్‌మెంటులో తెలియనివాళ్లు లేరు. నేనే చెప్పాను. ఎక్కడ మీటింగు జరిగినా భోజనాల దగ్గర మళ్లీ చెప్పమంటారు, చెబుతాను, నవ్విస్తాను. తప్పు చేస్తే ఒప్పుకునే మనిషినని అందరూ నన్ను మెచ్చుకున్నారు కూడా.

కానీ ఆ రోజు బయలుదేరేటప్పుడు ఆమె కారు దాకా వచ్చింది. కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది.

“బండి ఆగిన వెంటనే ఆయన్ని పిలిచారు కాబట్టి సరిపోయిందమ్మా. ఇంకాస్త ఆలస్యమైతే దూడ నాకు దక్కేది కాదు” అంది.

నేను అవునన్నట్టు తల ఊపాను.

ఆ తల ఊపిన సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. పిల్లలూ, మీకే మొదటిసారి చెబుతున్నాను.